పందుల కొట్టం మీదుగా చర్చికి దారి

పోయిన వేసవిలో ఒక జర్మన్ జంట నా కాఫీ కొట్టు ముందు కుర్చీల్లో కూలబడి బూట్లు విప్పుకున్నారు. మా ఊరి చుట్టుపక్కల చూసినవాటిలో తమకు అన్నిటికన్నా నచ్చింది ఇంగ్లిషు సైనికుల కాపలా ఇల్లు అని చెప్పారు. ఆయన దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడట. ఆవిడ ఆ గోడ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుందట, ఆ పాత యుద్ధాల కాలం చేతికి తగిలినట్టు అనిపించిందట. నేను గ్లాసులు తుడుస్తూ, "అవునండీ, చాలా పాతది," అన్నాను. అది మా ఊరి ఫిర్మాన్ పందుల కొట్టం. వాళ్ల నాన్న కడుతుంటే సిమెంటు కలిపి అందించింది మా నాన్న.

దాని మీద ఇంగ్లిషువాళ్ల పేరు రాసి బల్ల కొట్టినవాడు ఎవారిస్త్ దెల్మా. మా రూసెరాక్ నడక దారుల సంఘానికి అధ్యక్షుడు. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చునేవాడు. నా లెక్కలు చూసి రాసేవాడు, అవీ తప్పే రాసేవాడు. ఆ తర్వాత ఊరి బడి బస్సు నడిపి, రిటైరయ్యాడు. బస్సు నడిపినన్నాళ్ళూ ఎవరినీ గుద్దలేదు. వాడి గురించి నేను చెప్పగలిగిన మంచి అదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆ మనిషి సంగతి తెలియాలంటే సెప్‌ల సంగతి తెలియాలి. మా ఊళ్ళో సెప్ అంటే ఉత్త పుట్టగొడుగు కాదు. గోధుమరంగు టోపీ, బొద్దు కాడ, బాతు కొవ్వులో వెల్లుల్లి వేసి వేయిస్తే వీధి చివరి దాకా వాసన. సెప్టెంబరులో ఒక మంచి వాన పడి, వెనకే వెచ్చని ఎండ కాస్తే చాలు, మా మగవాళ్ళకు కుదురుండదు. ఎవరి చోటు వాళ్లకుంటుంది. ఆ చోటు ఎక్కడో పెళ్ళానికి చెప్పరు, తోడబుట్టినవాళ్లకు చెప్పరు. పోయే ముందు కొడుకు చెవిలో చెప్పి పోతారు. ఎవారిస్త్ తండ్రి ఇపోలిత్ ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు అప్పటి ఫాదరును మెట్ల మీదే నిలబెట్టారు. ముందు సెప్‌ల చోటు చెప్పడం, ఆ తర్వాతే పాపాలు ఒప్పుకోవడం. ఫాదరును లోపలికి పిలిచేసరికి ముసలాయన కన్ను మూశాడు. ఆ పాపాలేమయ్యాయో దేవుడికే తెలియాలి. ఎవారిస్త్ మాత్రం చివరి చూపుకు వచ్చిన వాళ్ళ చేతులు అందుకుంటూనే, మాటిమాటికీ కిటికీలోంచి మబ్బు పట్టిందా లేదా అని చూశాడు. నేను అక్కడే ఉన్నాను.

ఆ రోజు నుంచి ఆ చోటును దాచుకోవడమే వాడి బతుకైంది. సెప్‌ల కాలం రాగానే వ్యాను తీసుకెళ్ళి ఊరికి పడమటి వైపున, సున్నపురాళ్ళ మిట్ట మీద అందరికీ కనబడేట్టు ఆపేవాడు. అక్కడి నుంచి పొదల చాటున వంగి వంగి ఊరంతా చుట్టుకుని, తూర్పు వైపున్న తన చోటుకు పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు బుట్ట మీద ఆకులు కప్పేవాడు. బూట్లకంటిన మన్ను రంగు చూసి ఎవరైనా పోల్చుకుంటారని, చాకిరేవు తొట్టిలో వాటిని కడుక్కుని మరీ కూడలిలోకి వచ్చేవాడు. మా వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఆ వ్యానును నమ్ముకుని ఏళ్ల తరబడి ఆ మిట్టంతా గాలించారు. అక్కడ వాళ్లకు మేకపెంటికలు తప్ప ఏమీ దొరకలేదు.

ఇక జినెట్. ఎవారిస్త్ భార్య. నదికి అవతల, కనుచూపు మేరలో ఉన్న లాకాపెల్ నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. మా ఊరివాళ్లకు నది దాటితే విదేశమే. పెళ్ళయి పిల్లలు పుట్టి, ఆ పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాక కూడా ఆమెను "ఆ లాకాపెల్ మనిషి" అనేవాళ్ళు. మొగుడు తెచ్చిన సెప్‌లను గీకి, తుడిచి, ముక్కలు కోసి, వేయించి, ఎండబెట్టి, సీసాల్లో పెట్టింది. అవి ఎక్కడ మొలుస్తాయో ఒక్కసారి కూడా చూడలేదు. కొత్తలో ఒకసారి తనూ వస్తానని అడిగితే, "నువ్వు లాకాపెల్ దానివి, మీ అన్నదమ్ములకి చెప్పేస్తావ్" అన్నాడట. ఈ మాట ఆమె నవ్వుతూ నాతో చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

కానీ జినెట్‌కు గొంతుంది. నల్లకోన దాటాక అడవిలో సెన్ మమే అనే పునీతుడి చర్చి ఉంది. చిన్నది, పైకప్పు మీద నాచు, గోడల మీద సగం పెచ్చులూడిన పాతకాలపు బొమ్మలు. ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం ఊరంతా అక్కడికి నడిచి వెళ్ళి పూజ చేయించి, గడ్డిలో కూర్చుని తింటారు. పూజ చివర్లో మా పాత యాసలో సెన్ మమే పాట పాడాలి. చాలా చరణాలు. వాటిని పాడే ముసలమ్మ చనిపోయిన ఏడు ఎవరికీ పాట పూర్తిగా రాక అందరూ నేల చూపులు చూస్తుంటే, వెనక బల్ల నుంచి జినెట్ లేచి మొదటి నుంచి చివరిదాకా పాడింది. ముసలమ్మ పక్కన కూర్చుని ఎప్పుడు నేర్చుకుందో ఏమో. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఆ పాట ఆమెకు ఏమిటో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అలాంటి పాటకు రెండేళ్ల కిందట ఎవారిస్త్ అడ్డుపడ్డాడు. అప్పట్లో మా మేయరుకు నడిచేవాళ్లను ఊళ్ళోకి రప్పించాలని బుద్ధి పుట్టింది. నదిలో పడవలు తిప్పే లాభమంతా లాకాపెల్ వాళ్ళు లాగేసుకున్నారు, మనకూ ఏదో ఒకటి ఉండాలన్నాడు. కూలిన కోట బురుజు, రాక్షసగుడి అనే పాత బండల సమాధి, చర్చి, మూడూ కలుపుతూ ఒక నడక దారి వెయ్యాలన్నాడు. చెట్టు మీద పసుపు గీత ఉంటే దారి, ఇంటూ గుర్తు ఉంటే దారి కాదు. ఆ రంగు డబ్బా ఎవరు మోస్తారంటే అందరూ బూట్ల వంక చూసుకున్నారు. ఎవారిస్త్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ దేనికీ ముందుకు రాని మనిషి వచ్చాడే అని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, బుద్ధిలేక.

రాక్షసగుడి నుంచి చర్చికి నల్లకోనలోంచి పాత బండి దారి ఉంది. చదునుగా, నీడగా, ముసలివాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ నడిచే దారి. ఎవారిస్త్ దాని మొదట్లో ఓక్ చెట్టు మీద ఇంటూ గుర్తు కొట్టి, "రాళ్ళు పడును, ప్రవేశం లేదు" అని బల్ల పెట్టాడు. పసుపు గీతలను మాత్రం నది ఒడ్డుకు దింపి, ఫిర్మాన్ పందుల కొట్టం పక్క నుంచి, గులకరాళ్ళు జారే నిట్టనిలువు వాలు మీదుగా పైకెక్కించి చర్చికి చేర్చాడు. నిజంగా రాళ్ళు దొర్లేది ఆ వాలు మీదే. నల్లకోనలో కోడిగుడ్డంత రాయి కూడా లేదు. ఇంత చుట్టు ఎందుకయ్యా అని మేయరు అడిగితే, అక్కడ చారిత్రక కట్టడం ఉందన్నాడు. అలా పందుల కొట్టం ఇంగ్లిషువాళ్లదైంది.

మా వాళ్ళు ఒక్కరైనా అనుమానపడ్డారా అంటే, లేదు. ఫిర్మాన్ వాడికి పెద్దనాన్న కొడుకు కదా, వచ్చేపోయే వాళ్లకు పంది తొడ మాంసం అమ్ముకోవడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నారు. ఇంకొందరు ఎవారిస్త్ తెలివితక్కువవాడు, దారి కూడా వాడిలాగే ఉందనుకున్నారు. పాత దారి తెరవమని అడిగితే మేయరు, "ఎవరి తలైనా పగిలితే బాధ్యత ఎవరిది?" అన్నాడు. ఆ మాట వింటే మా పంచాయతీలో ఎంతటివాడైనా నోరు మూసుకుంటాడు.

మొదటి ఏడు జినెట్ ఆ చుట్టు దారిలోనే కర్ర పట్టుకుని ఎక్కింది. అప్పటికే తుంటి అరిగిపోయి ఉంది. పాట పాడింది, దిగి వచ్చాక నెల రోజులు మంచం దిగలేదు. రెండో ఏడు వెళ్ళలేకపోయింది. ఆమె బదులు నోటరీ గారి భార్య మదాం బుస్కే కాగితం చూసి పాడింది. కాదు, చదివింది. ఈ ఏడు ఆవిడ పండక్కని నీలం కోటు కుట్టించుకుంది. ఈసారి కూడా జినెట్ రాకపోతే ఇక పాట తనదేనని బేకరీ దగ్గర అందరికీ వినబడేలా అంది.

పండగకు మూడు రోజుల ముందు ఎవారిస్త్ నా కొట్లో, ఒంటి మీద సంఘం పసుపు చొక్కాతో, సోంపు వాసన కొట్టే పస్తీస్ సారా తాగుతున్నాడు. ఆ వారం వాన బాగా పడి ఎండ కాసింది, అందుకని కాలు ఒకచోట నిలవడం లేదు. జినెట్ కర్ర ఊతగా లోపలికి వచ్చి వాడి ఎదురుగా కూర్చుంది.

"ఆదివారం ఒక్క పూట ఆ పాత దారి తెరువు, ఎవారిస్త్."

"రాళ్ళు పడతాయి."

"ఏ రాళ్ళు? పెళ్ళయి వచ్చిందగ్గర్నుంచీ ఆ దార్లోనే నడిచా. నా చెప్పులో ఇసక కూడా దూరలేదు."

"అప్పుడు పళ్ళేదు. ఇప్పుడు పడతాయి. చెప్పి పడతాయేంటి రాళ్ళు?"

"మరి నేనెట్లా రావాలి?"

"నీకెందుకే ఇప్పుడు కొండలెక్కడం? ఇంట్లో కూచుని తుంటి చూస్కో. మదాం బుస్కే ఉందిగా పాడ్డానికి."

నేను ఊరుకోలేకపోయాను. "ఏరా, మదాం బుస్కే పాడింది నువ్వు విన్నావా? ఆవిడ నోరు తెరిస్తే గోడ మీద ఇంకో బొమ్మ పెచ్చూడింది."

"నీకు ప్రతిదీ ఎగతాళే, మార్సెలీన్. అధ్యక్షుడిగా నాకు బాధ్యతుంది."

"ఆవిడ మూడో చరణం ఎగ్గొట్టింది," అంది జినెట్ మెల్లగా. "నేను ఇంట్లో కిటికీ దగ్గర కూచుని లెక్కపెట్టుకున్నా. పాట అయ్యాక కొట్టే గంట వినబడేసరికి నేనింకా చివరి చరణంలోనే ఉన్నా. వాళ్ళకి అప్పటికే అయిపోయింది."

ఎవారిస్త్ గ్లాసు ఖాళీ చేసి వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూశాడు. అప్పుడు జినెట్ లేచి వాడి వెనకే వెళ్ళింది. గొంతు పెంచకుండానే అంది. "సరే అయితే. రేపు ఫైర్ వాళ్ళకి ఫోన్ చేస్తా. తాళ్ళేసుకుని, నిచ్చెనలేసుకుని వచ్చి ఆ కోనంతా వెతికి, ఏ రాయి పడుద్దో చూసి చెప్తారు. పదిమంది వస్తారంట."

ఎవారిస్త్ ముఖంలో రక్తం లేదు. వాడు రాళ్ళకు భయపడడం లేదని నాకు అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు. మా ఊరి గాలి పీల్చిన మనిషినేగా నేనూ.

శనివారం సాయంత్రం జినెట్ మళ్ళీ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఒప్పుకున్నాడు, మార్సెలీన్. పొద్దున్నే, ఎవరూ లేవకముందే పాత దార్లో తీస్కెళ్తానన్నాడు. నన్ను చర్చి దగ్గర దింపి, మళ్ళీ వెనక్కొచ్చి మీ అందర్నీ చుట్టు దార్లో తీస్కొస్తాడంట."

"అమ్మయ్య. మరి రాళ్ళు పడవంటా?"

ఆమె మెడకున్న పువ్వుల రుమాలు వేలికి చుట్టుకుంది. "కోన మొదట్లో కళ్ళకి గంతలు కడతానన్నాడు. అవతల చివర విప్పుతాడంట."

నేను చేతిలో ఉన్న పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. అప్పటికి వెలిగింది నాకు. ఇన్నేళ్ళూ పండగకు ముందే వాడు ఆ కోనలోవన్నీ కోసేసి ఉంటాడు, కానీ రోజూ జనం నడిచే దారి అయితే ఆ ఆట సాగదు. పసుపు గీతలు, పందుల కొట్టం, ఇంగ్లిషు సైనికులు, తుంటి అరిగిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టుకున్న చరణాలు, అంతా నాలుగు పుట్టగొడుగుల కోసం. ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గులేదూ వాడికి? ఇన్నేళ్ళు కాపురం చేసిన పెళ్ళానికి గంతలా? నువ్వెట్లా ఒప్పుకున్నావే?"

"నాకు పాట కావాలి మార్సెలీన్. కళ్ళతో పాడను గదా."

ఎవరికీ చెప్పొద్దంది. నేను చెప్పలేదు. నా కొట్టు పెట్టాక అదొక్కటే నేను దాచిన సంగతి, అదీ ఆ దరిద్రుడి కోసం కాదు.

ఆదివారం అందరం కూడలి నుంచి బయలుదేరాం. ముందు ఎవారిస్త్, పసుపు చొక్కా, చేతిలో జెండా. అప్పటికే చెమటలు కక్కుతున్నాడు. పొద్దున్నే పెళ్ళాన్ని దింపి, పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. పందుల కొట్టం దగ్గర ఆగి మా ఫాదరుకు ఇంగ్లిషు సైనికుల కథ చెప్పాడు. ఫాదర్ అమెవో టోగో నుంచి వచ్చి మా చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు చూసుకుంటున్నాడు, మంచి మనిషి. ఆయన గోడ తట్టి చూసి, "ఇందులో సిమెంటు ఇటుకలున్నాయే" అన్నాడు. "వాళ్ళు చాలా ముందున్నారు ఫాదర్" అన్నాడు ఎవారిస్త్. తర్వాత వాలు. రాళ్ళు జారాయి, మోకాళ్ళు దోక్కుపోయాయి, మదాం బుస్కే నీలం కోటుకు ముళ్ళు పట్టాయి. ఆ పూట నాకు సంతోషం కలిగించింది ఆ కోటు ఒక్కటే.

పైకి చేరేసరికి చర్చి మెట్టు మీద జినెట్ కూర్చుని ఉంది. బూడిదరంగు గౌను, మెడలో పువ్వుల రుమాలు, ముఖాన ఒక్క చెమట చుక్క లేదు. అందరూ నిలబడిపోయారు.

"ఎలా వచ్చావమ్మా?" అంది మదాం బుస్కే.

జినెట్ నోరు తెరవకముందే ఎవారిస్త్ అందుకున్నాడు. "పొద్దున్నే లేచి ఈ దార్లోనే వచ్చిందండీ. మెల్లగా నడిచేసింది."

"ఈ దార్లోనా? ఆ తుంటితోనా?"

"తుంటికేం, దివ్యంగా ఉంది. ఆడాళ్ళ సంగతి మీకు తెలీందేముంది, పని తప్పించుకోవాలంటే నొప్పి, రావాలంటే ఏ నొప్పీ ఉండదు." అని నవ్వాడు. నవ్వాడండీ. ఫిర్మాన్ కూడా నవ్వాడు.

"అయితే పోయినేడూ రాగలిగేదేగా," అంది మదాం బుస్కే. "అనవసరంగా నా చేత పాడించి, ఇప్పుడేమో ఇలా! బావుంది నాటకం." వెనక ఉన్నవాళ్ళు తలలూపారు. నేను జినెట్ వంక చూశాను. ఆమె మొగుడి వంక చూస్తోంది. వాడు మాట దిద్దుకుంటాడేమోనని ఆగిందనుకుంటాను. వాడు జెండా కర్రతో గడ్డి గీకుతున్నాడు.

అప్పుడు ఆమె చెప్పింది. పాట పాడే గొంతు కదా, వెనక ఉన్నవాళ్లకు కూడా వినబడింది.

"నా మొగుడు నా కళ్ళకి గంతలు కట్టి నల్లకోనలోంచి తీస్కొచ్చాడు."

రాళ్ళు పడే చోట మనిషి కళ్ళకు గంతలు ఎవరూ కట్టరు. మా ఊళ్ళో గంతలు ఎందుకు కడతారో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పూజ తర్వాత తిండికని మాంసం కోస్తున్న ఫిర్మాన్ కత్తి అలాగే ఆగిపోయింది. తర్వాత అందరూ ఒకేసారి వాన గురించి, ఎండ గురించి, ఇవాళ గాలి ఎటుందన్న దాని గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవారిస్త్ వంక చూడలేదు. ఫాదర్ అమెవో గంట కొట్టించాడు, లోపలికి వెళ్ళాం.

పూజ మొదలైన కాసేపటికి ఫిర్మాన్‌కు దగ్గు వచ్చింది. దగ్గుతూ బయటికి వెళ్ళాడు, ఆ దగ్గు అడవిలో దిగువకు పోతూ పోతూ వినబడకుండా పోయింది. తర్వాత మేయరుకు ఫోన్ వచ్చింది. చర్చి దగ్గర సిగ్నలే ఉండదు. రోడ్ల పనిలో రిటైరైన ముసలాయన, కుక్కను కట్టేయడం మరిచిపోయానని చెప్పి లేచాడు. ఆ కుక్క చచ్చి రెండేళ్ళయింది. ఆ తర్వాత వాళ్ళు సాకులు చెప్పడం కూడా మానేశారు. ఫాదరు ప్రసంగం చెబుతుంటే ఒక్కో బల్లా ఖాళీ అవుతోంది. ఆయన తన ప్రసంగమే బాగాలేదనుకున్నాడు పాపం, సగంలో ఆపి త్వరత్వరగా ముగించాడు. అప్పుడు మదాం బుస్కే లేచింది. చేతిలో పాట కాగితం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, నీలం కోటు రెండు చేతులతో మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని, మొగుడి వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఎవారిస్త్ తలుపు దగ్గర స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. పోయేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తూ పెదాలు తడుపుకుంటున్నాడు. వాడి నాన్న చోటు, వాడి చోటు, పెళ్ళానికి కూడా చూపించని చోటు, ఊరంతా అందులో పడి దున్నుతోంది.

"ఇప్పుడు జినెట్ గారు," అన్నాడు ఫాదరు.

ఆమె లేచి కర్ర బల్లకు ఆనించి నిలబడింది. ముందు తలుపు వంక చూసింది. అంత జరిగినా వాడి కోసమే చూసింది. వాడి ఒక కాలు గడపకు ఇవతల ఉంది, ఒక కాలు అవతల ఉంది. ఆమె ఊపిరి తీసుకుంది. వాడు వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్ల మీద పరుగెత్తడం మా అందరికీ వినబడింది.

జినెట్ పాడింది. అన్ని చరణాలూ పాడింది, మూడోది కూడా. వినడానికి మేమెంతమందిమని? ఆ వాలు ఎక్కి అలిసిపోయి లేవలేని నలుగురైదుగురు ముసలమ్మలు, ఫాదరు, నేను. అంత బాగా ఆమె ఎన్నడూ పాడలేదు. మధ్యమధ్యలో కిందినుంచి "అది నాది, నేను ముందు చూశా" అన్న అరుపులు వినబడుతూనే ఉన్నాయి.

అయిపోయాక ఫాదరు ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు కూడా మీరే పాడాలి," అన్నాడు.

"వచ్చే ఏడు మా లాకాపెల్‌లో పాడుకుంటా ఫాదర్. అక్కడ సెప్‌లు మొలవవు."

మా ఊళ్ళో ఇన్నేళ్ళు బతికి ఆమె "మా లాకాపెల్" అనడం నేను మొదటిసారి విన్నాను.

తిరుగు దారి ఏదని ఎవరూ అడగలేదు. జినెట్ ముందు నడిచింది, మేము వెనక, నల్లకోనలోంచే. చదునైన దారి, చెస్ట్‌నట్ చెట్ల నీడ. ఒక మలుపు దగ్గర ఆకులన్నీ చిమ్మి, నాచు పీకి, నేలంతా పందులు కుళ్ళగించినట్టు చేసి పెట్టారు. మా వాళ్ళు అంగీలు విప్పి మూటలు కట్టుకుంటున్నారు. మమ్మల్ని చూసి తలలు తిప్పుకున్నారు. మదాం బుస్కే నీలం కోటు ఒడిలా పట్టుకుని నిలబడి ఉంది, దాని నిండా మట్టి.

ఎవారిస్త్ ఒక చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. టోపీలో నాలుగు సెప్‌లు, అందులో రెండు తొక్కుడుపడ్డవి. జినెట్‌ను చూసి లేచాడు. నేను తిట్లు తిడతాడనుకున్నాను. ఆ తెగువ కూడా లేదు.

"ఇవే మిగిలాయి," అన్నాడు. "మొత్తం పెళ్ళగించేశారు. ఇంక రెండు మూడేళ్ళ దాకా ఏమీ రావిక్కడ."

ఆమె ఆగి చుట్టూ చూసింది. చెట్లు, నేల, పైనుంచి పడుతున్న ఎండ, అన్నీ తీరిగ్గా చూసింది. "ఇదేనా?" అంది.

"ఇదే."

"ఇంతేనా?"

వాడు టోపీ ముందుకు చాపాడు. "మధ్యాహ్నానికి వేయించు. నీకు పెద్దవి పెడతాలే."

"నువ్వే వేయించుకో," అంది జినెట్. "కొవ్వు డబ్బా ఎక్కడుందో నేను చెప్పను."

ఆమె కర్ర ఊతగా నడుచుకుంటూ పోయింది. వాడు వెనక రాలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక వాడు నా కొట్టు వెనక తలుపు కొట్టాడు. చేతిలో అదే టోపీ. ఇల్లంతా వెతికాడట, అలమరాలు, నేలమాళిగ, అన్నీ. అంత కాలం ఆ ఇంట్లో తిన్నవాడికి ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియదు. "మార్సెలీన్, నువ్వైనా కాస్త వేయించిపెట్టు" అన్నాడు.

ఆదివారం మా వంటిల్లు మూసే ఉంటుందని చెప్పి తలుపు వేసేశాను. లోపల, పొయ్యి పక్కన బల్ల దగ్గర, జినెట్ భోంచేస్తోంది.